పీజీ జిల్లా ఆసుపత్రిలో, గైడు కాలేజీలో: తలకు ఏ కెమెరా తగిలించాలి?

రాత్రి పదకొండున్నరకు ఫోన్. జిల్లా ఆసుపత్రి పోస్టింగ్‌లో ఉన్న మా సర్జరీ పీజీ (ఎంఎస్ చేస్తున్న డాక్టరు). "సర్, యాక్సిడెంట్ కేసు. కుడి ఛాతీలో గాలి, రక్తం రెండూ ఉన్నట్టున్నాయి. ఐసీడీ (ఛాతీలోంచి గాలి, రక్తం బయటకు తీసే గొట్టం) వేస్తున్నాం, ఒక్కసారి చూస్తారా?" అంటూ వీడియో కాల్ పెట్టాడు. ఫోను థియేటర్ అబ్బాయి చేతిలో ఉంది. నాకు ముందు సీలింగ్ కనిపించింది, తర్వాత మా పీజీ వీపు, ఆ తర్వాత థియేటర్ అబ్బాయి బొటనవేలు. అక్కడి సర్జన్ పక్కనే ఉన్నారు కాబట్టి ట్యూబు సరిగ్గానే పడింది. నేను మాత్రం పావుగంట సేపు "కొంచెం కిందికి బాబూ, ఇంకొంచెం కిందికి" అనడం తప్ప ఒరగబెట్టిందేమీ లేదు.

ఆ తర్వాత మెడకు తగిలించుకునే స్టాండు నుంచి తలకు కట్టుకునే కంప్యూటర్ దాకా ఒక్కొక్కటే తెప్పించి చూశాం. కొన్ని కొన్నాం, కొన్ని డెమోకి అడిగి తీసుకున్నాం. మీ డిపార్ట్‌మెంట్‌లో కూడా ఇలాంటి ఆలోచన ఉంటే, కొటేషన్లు పిలిచే ముందు ఇది ఒకసారి చదవండి.

అసలు ఈ అవసరం ఎక్కడిదో అందరికీ తెలిసిందే. జిల్లా రెసిడెన్సీ ప్రోగ్రామ్ వచ్చాక ప్రతి పీజీ మూడు, నాలుగు, అయిదు సెమిస్టర్లలో ఎప్పుడో ఒకప్పుడు మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రిలో పనిచేయాలి. ఆ మూడు నెలలూ మాతృ కాలేజీలోని టీచర్లతో ఫోన్ ద్వారా, ఈ-కమ్యూనికేషన్ ద్వారా సంబంధం ఉండాలని నిబంధనల్లోనే ఉంది. ఆ సంబంధం చాలాచోట్ల వాట్సాప్ గ్రూపులో ఎక్స్‌రే ఫోటో, దాని కింద "ఓకే, ప్రొసీడ్" అన్న రెండు ముక్కల దగ్గరే ఆగిపోతోంది.

మీకు కనిపించాల్సింది ఏమిటి?

ఏ కంపెనీ బాగుంటుందని అందరూ ముందు అడుగుతారు. నేనైతే దూరంగా కూర్చున్న గైడుకు ఏం కనిపించాలని అడుగుతాను. దీనికి జవాబు దొరికితే సగం కొటేషన్లు చించేయొచ్చు.

పని తెర మీద జరుగుతుంటే తలకు కెమెరా దండగ. ల్యాపరోస్కోపీ, అల్ట్రాసౌండ్, వీడియో లారింగోస్కోప్ (గొంతు లోపలిని తెర మీద చూపే పరికరం) అన్నీ ఈ లెక్కే. ఆ మిషన్లకే కెమెరానో ప్రోబో ఉంది, దాని బొమ్మను నేరుగా బయటకు తీసుకునే దారీ చాలా వాటికి ఉంది. కళ్ళద్దాల కెమెరాతో మానిటర్‌ను చూపిస్తే తెర మీద గీతలు పరుగెడతాయి, ట్యూబ్‌లైట్ ప్రతిబింబం పడుతుంది. మా అనస్థీషియా వాళ్ళు ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలోకి గొట్టం వేయడం) నేర్పడానికి స్మార్ట్ గ్లాసెస్ కావాలని ఇండెంట్ పెట్టబోతే, వద్దని వీడియో లారింగోస్కోప్ కొనుక్కోమన్నాను. నోట్లోకి తొంగిచూసే కోణం నేర్చుకునేవాడి కంటికే సరిగా దొరకదు, నుదుటి మీది కెమెరాకు ఏం దొరుకుతుంది?

రోగితో మాటలు, వార్డు రౌండ్స్, కేసు ప్రెజెంటేషన్ లాంటివి అయితే మామూలు ఫోనే చాలు. పొట్ట పరీక్ష చేసేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టాడు, రోగి ముఖం చూస్తున్నాడా లేదా అన్నది గైడుకు తెలియాలంటే కెమెరా పీజీ కళ్ళ దగ్గర కాదు, మంచం పక్కన ఉండాలి. తలకు పెట్టిన కెమెరాలో పీజీ ముఖమే కనిపించదు, అతను తడబడుతున్న సంగతి మీకు తెలియదు.

రెండు చేతులూ పనిలో ఉండి, చూపు గాయం మీద ఉండాల్సిన పనులు ఇక మిగిలేవి. కుట్లు, ఐసీడీ, సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం), డయాబెటిక్ ఫుట్ డిబ్రైడ్‌మెంట్ (షుగర్ పుండులో చచ్చిన కండ తీసేయడం), కాలిన గాయాల డ్రెస్సింగ్. ఒంటికి తగిలించే కెమెరాకు న్యాయమైన చోటు ఇదే. కింద రాసిన పోలికంతా ఈ పనులకే.

చౌక నుంచి ఖరీదు దాకా

మెడకు వేసుకునే ఫోన్ స్టాండు వెయ్యి రూపాయల లోపే వస్తుంది. క్యాజువాలిటీలో చిన్న కుట్లకు, డ్రెస్సింగులకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అయితే ఒక సంగతి మాకు కొన్నాకే తట్టింది. స్టెరైల్ గౌను వేసుకుంటే ఫోను గౌను కిందికి పోతుంది. గౌను పైన పెడితే స్టెరిలిటీ పోతుంది. అంటే గౌను వేసే ఏ పనికీ ఛాతీ కెమెరా పనికిరాదు. పైగా రోగి మీదికి వంగగానే కెమెరాకు డ్రేప్ గుడ్డ తప్ప ఏమీ కనిపించదు.

అదే ఫోన్‌ను సెలైన్ స్టాండుకు క్లాంపుతో బిగించి, పీజీ ఎడమ భుజం మీదుగా కిందికి చూసేలా పెట్టండి. ఒంటికి తగిలించేది కాదు కాబట్టి ఏ బ్రోచర్‌లోనూ దీని గురించి ఉండదు. కానీ కదలని బొమ్మ వస్తుంది, తల ఊగినప్పుడల్లా చూసేవాడి కడుపులో తిప్పడం ఉండదు. మాకు బాగా కుదిరిన కేసుల్లో చాలా వరకు ఇలా చేసినవే. ఇబ్బందల్లా పీజీ చోటు మారినప్పుడు ఎవరో ఒకరు స్టాండు జరపాలి, సన్నటి గదిలో అది అందరి కాళ్ళకూ అడ్డం పడుతుంది.

గోప్రో లాంటి యాక్షన్ కెమెరా తలకు కట్టుకుంటే వీడియో అద్భుతంగా వస్తుంది. కాకపోతే అది రికార్డింగ్ కోసం పుట్టిన వస్తువు. ఇద్దరూ మాట్లాడుకోవడానికి వేరే ఫోను, వేరే ఇయర్‌ఫోన్ పెట్టుకోవాల్సిందే. కేసు అయ్యాక కూర్చుని "ఇక్కడ ఆర్టరీ ఫోర్సెప్స్ ఎందుకు మార్చావు?" అని అడిగే పద్ధతికి ఇది సరిగ్గా సరిపోతుంది. కొంటే సెట్టింగుల్లో వెడల్పు వ్యూ తీసేసి లీనియర్ పెట్టండి. లేకపోతే అంచులు వంగి, రెండు కుట్ల మధ్య దూరం ఉన్నదానికంటే ఎక్కువో తక్కువో కనిపిస్తుంది.

ఇక అందరూ అడిగేది మామూలు కళ్ళజోడులా ఉండే స్మార్ట్ గ్లాసెస్ గురించి. రే-బాన్ మెటా 2025 మే నెలలో ఇండియాలోకి వచ్చింది, మొదటి ధర 29,900 రూపాయలు. బరువు 50 గ్రాముల చుట్టుపక్కల, 12 మెగాపిక్సెల్ కెమెరా, వాట్సాప్ వీడియో కాల్‌లో మీరు చూస్తున్నదే అవతలివాళ్ళకు చూపించొచ్చు. పీజీలకు ఇది తెగ నచ్చింది, పవర్ గ్లాసులు కూడా వేయించుకోవచ్చు. నాకు నచ్చనివి రెండు. ఒకటి, కెమెరా ఫ్రేములో బిగిసి ఉంటుంది, కిందికి వంచలేం. మనం చేతుల వైపు చూసేటప్పుడు తల పూర్తిగా వంచం, సగం తల వంచి మిగతా సగం కళ్ళు దించుతాం. కెమెరాకు దించడానికి కళ్ళు లేవు. దాంతో గాయం ఎప్పుడూ ఫ్రేము అడుగు అంచున ఉంటుంది, మధ్యలో అనస్థీషియా డాక్టరు గారి గౌను ఉంటుంది. మా పీజీ మెడ వంచి వంచి పని చేసి, కేసు అయ్యాక మెడ పట్టేసిందన్నాడు. రెండోది, ఇండియాకు వచ్చిన ఆ మోడల్‌లో తెర లేదు. గైడు ఏదైనా గీసి చూపిస్తే పీజీకి కనిపించదు, మాటే దిక్కు. అది పెద్ద నష్టమని మొదట అనుకున్నాను గానీ కాదు. చేతిలో సూది ఉన్నప్పుడు కంటి ముందు బాణం గుర్తు వెలిగితే లాభం కన్నా విసుగే ఎక్కువ.

ఇంకో చిన్న సంగతి. రికార్డు అవుతుంటే ఫ్రేము మూల చిన్న లైటు వెలుగుతుంది. వార్డులో ఒక పెద్దావిడ కాలి పుండుకు కట్టు కట్టించుకుంటూ, "నీ కళ్ళద్దాల్లో ఆ దీపమెందుకు నాయనా?" అని అడిగింది. మావాడు నీళ్ళు నమిలాడు. కన్సెంట్ ఫారం మీద ఆమె వేలిముద్ర ఉంది. విషయం మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఫ్యాక్టరీల కోసం చేసిన హెడ్‌సెట్లు ఆ పై మెట్టు. వ్యూజిక్స్ ఎం400, రియల్‌వేర్ నావిగేటర్ 500 లాంటివి. సాఫ్ట్‌వేర్ కాకుండానే రెండు వేల డాలర్ల చుట్టుపక్కల పడతాయి. ఇవి తలకు కట్టిన ఆండ్రాయిడ్ ఫోన్లనుకోండి. కెమెరాను కిందికి వంచొచ్చు, బ్యాటరీ మార్చుకోవచ్చు, ముట్టుకోకుండా మాటతోనే నడుస్తుంది, నీళ్ళూ దుమ్మూ తట్టుకుంటుంది కాబట్టి తుడవడం సులువు. ఫ్యాక్టరీ రొదలోనూ మాట వినేలా తయారైనవి. నావిగేటర్ బరువు 270 గ్రాములు, గంట దాటితే నుదురు గుర్తుచేస్తుంది. చేతుల పనికి ఒంటికి తగిలించేవాటిలో బొమ్మ బాగా కుదిరింది ఈ రకంలోనే. లూప్స్ (పెద్దది చేసి చూపే కళ్ళద్దాలు) పెట్టుకునేవాళ్ళు, హెడ్‌లైటు కట్టుకునేవాళ్ళు మాత్రం కొనే ముందు రెండూ కలిపి పెట్టుకుని చూడాలి, తలమీద అన్నిటికీ చోటుండదు.

మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2 గురించి ఒకప్పుడు చాలా చెప్పుకున్నారు, చెప్పుకోదగ్గదే. 2020లో కోవిడ్ వార్డుల్లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజ్ ఆసుపత్రుల ట్రస్టు దాన్ని వాడింది. ఒక డాక్టరు లోపలికి వెళితే టీమంతా వేరే గదిలో కూర్చుని రౌండ్స్ చూసింది. ప్రమాదకరమైన చోట సిబ్బంది గడిపే సమయం 83 శాతం దాకా తగ్గిందని వాళ్ళ తొలి లెక్కలు. కానీ 3,500 డాలర్ల ధర, 566 గ్రాముల బరువు, రెండు మూడు గంటల బ్యాటరీ. 2024 అక్టోబర్‌లో కంపెనీ తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది, సెక్యూరిటీ అప్‌డేట్లు 2027 ఆఖరు వరకే. ఎవరైనా తగ్గింపు ధరకు ఇస్తామన్నా తీసుకోకండి.

ఇది కొత్త కథ కాదు. 2013 సెప్టెంబర్‌లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో బ్రెంట్ పోన్స్ అనే సర్జన్ గూగుల్ గ్లాస్ పెట్టుకుని భుజం కీలు మార్పిడి చేస్తుంటే, అట్లాంటాలో తన ఆఫీసులో కూర్చుని ఆ ఆపరేషన్ చూస్తూ మాట్లాడిన సర్జన్ పేరు ఫణి దంతులూరి. ఆ ఇంటిపేరు మన చెవులకు కొత్తది కాదు. దంతులూరి చెయ్యి పెట్టి చూపిస్తే ఆ చెయ్యి పోన్స్ కంటి ముందు తెర మీద గాయం పైన నీడలా కనిపించేది. అప్పటికి మన పీజీల్లో చాలామంది హైస్కూల్లో ఉన్నారు. ఆ గూగుల్ గ్లాస్ 2015లో మామూలు అమ్మకాలు ఆపేసింది, 2017లో కంపెనీల కోసం మళ్ళీ వచ్చింది, 2023 మార్చిలో పూర్తిగా అమ్మకం ముగించింది. అందుకే డబ్బు పెట్టేముందు ఒక షరతు పెట్టుకోండి: ఈ కళ్ళజోడు రేపు ఆగిపోతే, అదే వీడియో కాల్ మామూలు ఫోన్‌తో నడుస్తుందా? ఒక కంపెనీ హార్డ్‌వేర్‌కే అతుక్కున్న సాఫ్ట్‌వేర్ లైసెన్సు మూడేళ్ళకు ఒకేసారి కట్టడం మాత్రం చేయకండి.

చూపు ఎటు పోతోందో కొలిచే ఐ-ట్రాకింగ్ గ్లాసెస్, గుండె వేగం చూపే వాచీలు కూడా అమ్మకానికి పెడుతున్నారు. మొదటివి థీసిస్‌కు పనికొస్తాయి. రెండోవి చూసి పీజీకి టెన్షన్‌గా ఉందని తెలుసుకోవడానికి వాచీ అవసరం లేదు, గొంతు చాలు. సీపీఆర్ నేర్పడానికైతే నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు అన్నవి చూపే శిక్షణ బొమ్మ (మానికిన్), వాచీ కంటే నయం.

బ్రోచర్‌లో ఉండని మూడు చిక్కులు

మొదటిది ఓటీ (ఆపరేషన్ థియేటర్) లైటు. దాన్ని నేరుగా గాయం మీద వేస్తే మన కంటికి అన్నీ కనిపిస్తాయి, కెమెరాకు మాత్రం గాయం తెల్లటి మచ్చయిపోతుంది. చుట్టూ పచ్చటి గుడ్డ చీకటిగా ఉండటంతో కెమెరా వెలుతురు పెంచేస్తుంది, మధ్యలో ఉన్న కండ కాలిపోయినట్టు వస్తుంది. ఒక డయాబెటిక్ ఫుట్ కేసులో నాకు తెర మీద అంతా ఆరోగ్యమైన గ్రాన్యులేషన్‌లా (మానుతున్న కొత్త కండలా) కనిపించి, "చాలు, ఆపెయ్" అనబోయాను. అక్కడి సర్జన్ గారు "ఇంకా స్లఫ్ (చచ్చిన కణజాలం) ఉంది సర్, మీకు తెల్లగా పడుతోంది" అన్నారు. లైటును కాస్త పక్కకు తిప్పించాక నాకు పసుపు రంగు కనిపించింది. అప్పటి నుంచి రంగు మీద ఆధారపడే నిర్ణయం దేన్నీ నేను దూరం నుంచి తీసుకోను. ఎక్స్‌పోజర్ చేత్తో లాక్ చేసే వీలున్న పరికరం ఉంటే దానికి రెండు మార్కులు ఎక్కువ వేయండి.

రెండోది నెట్. 720పీ వీడియో నిలకడగా పోవాలంటే అప్‌లోడ్ కనీసం ఒకటిన్నర, రెండు ఎంబీపీఎస్ ఉండాలి. స్పీడ్ టెస్టులో అందరూ డౌన్‌లోడ్ అంకె చూసి సంబరపడతారు, మనకు కావాల్సింది రెండో అంకె. అదీ సూపరింటెండెంట్ గారి గదిలో కాదు, ఓటీ తలుపు వేశాక లోపల చూడాలి. మందపాటి గోడలు, ఎక్స్‌రే కోసం సీసపు రేకు వేసిన తలుపులు ఉన్నచోట ఫోన్ సిగ్నల్ ఒక్క గీతకు పడిపోతుంది. ఆలస్యం కూడా లెక్కే. మీ తెర మీద మీరు చూస్తున్నది ఒక క్షణం క్రితం జరిగింది, మీ "ఆగు" చేరేది ఇంకో క్షణానికి. ఆ రెండు క్షణాల్లో ట్రోకార్ (లోపలికి గుచ్చే మొనదేలిన కడ్డీ) ఎక్కడికైనా పోవచ్చు. అందుకని మేం ప్రతి మెట్టు ముందూ పీజీ చేయబోయేది పైకి చెప్పి, నేను "సరే" అన్నాకే కదలాలని పెట్టుకున్నాం. "పక్కటెముక పై అంచు మీదుగా పోతున్నా సర్" అంటాడు, నేను సరే అంటాను. "ఆగు" అంటే ఎందుకని అడగకుండా చెయ్యి ఆపాలి. కాల్ తెగితే పక్కనున్న సీనియర్ మాటే ఆఖరు.

మూడోది ఆ వీడియో ఎక్కడ ఉంటుందన్నది. వాట్సాప్ కాల్ అయిపోయాక ఏమీ మిగలదని అనుకుంటాం, ఎవరో స్క్రీన్ రికార్డింగ్ పెట్టి ఉంటారు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది, రోగి గాయం వీడియో పీజీ సొంత ఫోన్ గ్యాలరీలో పెళ్ళి ఫోటోల పక్కన ఉండటం ఏ లెక్కన చూసినా తప్పే. లైవ్ చూడటానికి ఒక అనుమతి, రికార్డు చేయడానికి వేరే అనుమతి తీసుకోండి. తెలుగులో రాయించండి, చదివి వినిపించండి. పరికరం ఆసుపత్రిదై ఉండాలి, పీజీది కాదు. నా సొంత పద్ధతిలో రికార్డింగే లేదు. లాగ్‌బుక్‌లో ఏ కేసు, ఎంతసేపు చూశాను, ఎక్కడ ఆపమన్నాను అని రెండు లైన్లు రాస్తాను.

ఎవరికి ఏది

అమెరికాలో రెసిడెన్సీలను చూసే ఏసీజీఎంఈ నిబంధనల్లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. దూరం నుంచి వీడియోలో చూస్తూ ఉండటాన్ని కూడా ప్రత్యక్ష పర్యవేక్షణగానే వాళ్ళు ఒప్పుకుంటారు, మొదటి ఏడాది రెసిడెంట్లకు మాత్రం ఆరంభంలో పక్కన మనిషి ఉండాల్సిందే. నేనూ అదే గీత గీస్తాను. పీజీ ఒక ప్రొసీజర్‌ను నా కళ్ళ ముందు చేసి ఉండకపోతే, ఎంత ఖరీదైన కళ్ళజోడు పెట్టినా దాన్ని దూరం నుంచి చేయించను. చెవిలో మాట సూదిని పట్టుకోలేదు.

ఇద్దరు ముగ్గురు పీజీలను పంపే చిన్న డిపార్ట్‌మెంట్ అయితే రెండు క్లాంపులు, ఒక మెడ స్టాండు, ఆసుపత్రి పేరు మీద ఒక మంచి ఫోను, వైరు లేని ఇయర్‌ఫోన్ ఒకటి. ఇంతకు మించి మొదటి ఏడాది ఏమీ కొనకండి. మిగిలిన డబ్బు ఉంటే ఓటీకి వైఫై లాగించండి.

వారంలో పది పన్నెండు కేసులు నిజంగానే దూరం నుంచి చూస్తున్నారు, అవతల సెలైన్ స్టాండుకు చోటు లేదు అంటే అప్పుడు కెమెరా వంగే ఫ్యాక్టరీ రకం హెడ్‌సెట్ ఒకటి తీసుకోండి. ఒకటే. రెండోది కొనేముందు మొదటిది ఆరు నెలల్లో ఎన్ని గంటలు వాడారో చూడండి. మా దగ్గర ఒకటి బాక్సులోనే ఎక్కువ ఉంది, కారణం పరికరం కాదు, నేను. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తెర ముందు కూర్చుంటానని డ్యూటీ చార్టులో నా పేరు రాయించేదాకా ఎవరూ కాల్ చేయలేదు. సార్ బిజీగా ఉంటారేమోనని మొహమాటం. చార్టులో పేరెక్కిన వారం నుంచే కాల్స్ మొదలయ్యాయి.

కళ్ళజోడు రకం స్మార్ట్ గ్లాసెస్‌ను నేను హౌస్ సర్జన్లకు డ్రెస్సింగులు నేర్పడానికి, స్కిల్స్ ల్యాబ్‌లో బొమ్మ మీద ప్రాక్టీసుకు మాత్రమే సిఫారసు చేస్తాను. రోగి ముందు పెట్టుకోవాలంటే ఎథిక్స్ కమిటీ దాకా వెళ్ళి రండి.

కొనేముందు ఒక పరీక్ష. మటన్ షాపు నుంచి తొడ ముక్క తెప్పించండి. ఓటీ టేబుల్ మీద పెట్టి, లైటు పూర్తిగా వేసి, మాస్కు, గౌను, గ్లోవ్స్ వేసుకున్న పీజీతో 3-0 సిల్క్ దారంతో ఎనిమిది కుట్లు వేయించండి. మీరు వేరే బిల్డింగ్‌లో కూర్చుని ఎన్ని కుట్లు పడ్డాయో, ఏ ముడి వదులుగా ఉందో చెప్పగలగాలి. ఏసీ కాన్ఫరెన్స్ హాల్లో, సేల్స్ అబ్బాయి సొంత హాట్‌స్పాట్ మీద చూపించే డెమోను లెక్కలోకి తీసుకోకండి. మాకు కొటేషన్లు ఇచ్చిన ముగ్గురికీ ఈ మటన్ పరీక్ష సంగతి చెబితే, ఓటీలోకి వస్తామన్నవాళ్ళు ఒక్కరే.